లెర్నర్ అటానమీ: భాషా బోధన పరిశోధన ఎటు వెళ్తోంది? తరచుగా అడిగే ప్రశ్నలు

బీఈడీ విద్యార్థులు, పీహెచ్‌డీ టాపిక్ కోసం వెతుక్కుంటున్నవాళ్ళు, బడుల్లో ఇంగ్లీషు చెప్పే స్నేహితులు కొన్నేళ్ళుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. వాళ్ళు అడిగిన మాటల్లోనే ఉంచాను. కొన్నిటికి జవాబు పొడుగ్గా వచ్చింది, కొన్నిటికి రెండు ముక్కల్లో అయిపోయింది.

లెర్నర్ అటానమీ అంటే ఏమిటి? అటానమస్ కాలేజీలకూ దీనికీ సంబంధం ఉందా?

పేరొక్కటే కలిసింది. కాలేజీకి అటానమస్ హోదా వస్తే సిలబస్ తనే తయారుచేసుకుంటుంది, పరీక్షలు తనే పెట్టుకుంటుంది. ఇక్కడ ఆ హోదా కాలేజీకి కాదు, బెంచీ మీద కూర్చున్న విద్యార్థికి. ఆ లెక్కన చూస్తే పోలిక మరీ తప్పు కూడా కాదు.

1979లో ఫ్రాన్స్‌కు చెందిన పరిశోధకుడు హెన్రీ హోలెక్ యూరప్ మండలికి (కౌన్సిల్ ఆఫ్ యూరప్) ఇచ్చిన నివేదికలో ఒక నిర్వచనం ఉంది. తన చదువు పగ్గాలు తన చేతిలోకి తీసుకోగల సామర్థ్యమే అటానమీ అన్నది దాని సారం. ఆ పగ్గాలేమిటో కూడా ఆయన విడమర్చి చెప్పారు: ఏం సాధించాలో లక్ష్యం పెట్టుకోవడం, అందుకు ఏ విషయాలు ఏ వరసలో కావాలో చూసుకోవడం, పద్ధతి ఎంచుకోవడం, ఎలా సాగుతున్నదీ గమనించుకోవడం, చివరికి వచ్చిందో రాలేదో తేల్చుకోవడం.

ఈ ఐదు పనులూ మన దగ్గర ఎవరు చేస్తున్నారు? మొదటి రెండూ పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ చేస్తుంది. మూడోది టీచర్‌ది. నాలుగోది కొంత టీచర్, కొంత ట్యూషన్ మాస్టారు. ఐదోది పరీక్షల బోర్డు. విద్యార్థి వంతుకు మిగిలేది కష్టపడటం ఒక్కటే. ఈ ఐదింటినీ గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ మళ్ళీ అక్కరకొస్తాయి.

ఇంకో సంగతి. హోలెక్ వాడిన మాట ‘సామర్థ్యం’. అది పుట్టుకతో రాదు, నేర్చుకోవాలి అని కూడా ఆయనే చెప్పారు. కాబట్టి ‘మా పిల్లలకు అటానమీ లేదండీ’ అనడం ‘మా పిల్లలకు ఈత రాదండీ’ అనడం లాంటిదే. రాకపోతే నేర్పాలి.

పాఠ్యపుస్తకాల తెలుగులో దీన్ని ‘అభ్యాసకుల స్వయంప్రతిపత్తి’ అంటారు. స్టాఫ్ రూములో ఆ మాట ఎవరి నోటా వినలేదు కనుక ఇక్కడ అటానమీ అనే రాస్తున్నాను.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది?

ఫ్రాన్స్‌లోని నాన్సీ విశ్వవిద్యాలయంలో, క్రాపెల్ అనే పరిశోధన కేంద్రంలో. దాన్ని మొదలుపెట్టింది ఈవ్ షాలోన్. 1972లో ఆయన పోయాక ఆ బాధ్యత హోలెక్ తీసుకున్నారు. వాళ్ళ దగ్గరికి వచ్చినవాళ్ళు బడిపిల్లలు కాదు, పెద్దవాళ్ళు. భాష అవసరం ఉంది, రోజూ క్లాసుకు వచ్చే తీరిక లేదు. అలాంటివాళ్ళకు టేపులు, పుస్తకాలు, పక్కన సలహా చెప్పే ఒక మనిషి ఉంటే ఎలా ఉంటుందని వాళ్ళు చూశారు. 1971లో మొదలైన యూరప్ మండలి ఆధునిక భాషల ప్రాజెక్టు దీనికి దన్నుగా నిలిచింది. 1968 విద్యార్థి ఉద్యమాల తర్వాతి యూరప్ అది. అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న తగువు వీధుల్లోంచి చదువుల్లోకి కూడా వచ్చిన కాలం.

ఈ పుట్టుక కథ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చిన అపార్థాల్లో సగం ఇక్కడివే. అటానమీ అనగానే ఒక మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని టేపు రికార్డర్ ముందు ఒంటరిగా కూర్చున్న బొమ్మ చాలామంది మనసులో పడిపోయింది.

బడిపిల్లలతో ఎవరైనా చేసి చూశారా?

డెన్మార్క్‌లో లెని దామ్ అనే ఇంగ్లీషు టీచర్ చేశారు. కోపెన్‌హాగన్‌కు దక్షిణాన ఉన్న కార్ల్స్‌లుండె అనే ఊళ్ళో. 1973లో ఆమె ముందున్నవాళ్ళు బడంటే విసుగెత్తిపోయిన 14 ఏళ్ళ పిల్లలు. పాఠం వాళ్ళ చెవికి ఎక్కట్లేదు. అందుకని నిర్ణయాల్లో వాళ్ళను కూడా కూర్చోబెట్టారు. ఏం చేద్దాం, ఎందుకు చేద్దాం, ఎలా చేద్దాం, చేసినదాంతో ఏం చేయొచ్చు అన్న ప్రశ్నలు పిల్లల ముందే పెట్టడం మొదలుపెట్టారు.

ఆమె క్లాసు ఎలా ఉండేదో కొంచెం దగ్గర్నుంచి చూద్దాం. ప్రతి పిల్లాడికీ ఒక మామూలు నోట్‌బుక్, దాని పేరు లాగ్‌బుక్. రోజూ తేదీ వేస్తారు. ఇవాళ ఏం చేయాలనుకున్నది, ఎవరితో కలిసి చేసింది, ఇంటిపని ఏం పెట్టుకున్నది, ఎలా జరిగిందనిపించింది, అన్నీ అందులో రాస్తారు. టీచర్ చదివి టిక్కు కొట్టి ఇచ్చేయరు, కింద జవాబు రాస్తారు. పిల్లాడు దానికి మళ్ళీ రాస్తాడు. గోడల మీద పోస్టర్లుంటాయి: ఇంటిపనికి ఏం చేయొచ్చు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి ఏ విషయాలు బాగుంటాయి వగైరా. ఎవరికైనా ఆలోచన తడితే ఆ పోస్టర్ మీద చేరుస్తారు. కొత్తగా ఇంగ్లీషు మొదలుపెట్టిన పిల్లలు కూడా పదాల కార్డులు, డామినోలు, బొమ్మల కథలు సొంతంగా తయారుచేస్తారు. ఒకరు తయారుచేసిన ఆట పక్క బెంచీవాళ్ళకు పాఠం అవుతుంది. ఇదంతా వీలైనంత వరకు ఇంగ్లీషులోనే నడుస్తుంది. నా దృష్టిలో అసలు కిటుకు అదే. ‘ఇవాళ ఏం చేద్దాం’ అని వాదించుకోవడం కూడా ఇంగ్లీషులోనే జరిగితే, వాదన కూడా భాషాభ్యాసమే కదా.

అయితే వాళ్ళకు భాష వచ్చిందా? 1992 నుంచి దామ్, జర్మనీకి చెందిన లీన్‌హార్డ్ లెగెన్‌హౌసెన్ కలిసి ఈ పిల్లల్ని, పాఠ్యపుస్తకంతో చదువుకున్న జర్మన్ పిల్లల్ని పోల్చి చూశారు. మొదటి నెలల్లో నేర్చిన పదాల విషయంలో డేనిష్ పిల్లలు ఏమీ తీసిపోలేదు. తేడా మాట్లాడమన్నప్పుడు బయటపడింది. పుస్తకంతో నేర్చినవాళ్ళు పుస్తకంలోని సంభాషణలనే అటూ ఇటూ చేసి అప్పజెప్పే ధోరణిలో ఉంటే, దామ్ పిల్లలు నిజంగానే ఒకరి సంగతి ఒకరు అడిగి తెలుసుకున్నారు. మన దగ్గర ‘మై నేమ్ ఈజ్’ తర్వాత ఆగిపోయే పిల్లల్ని చూసినవాళ్ళకు ఈ తేడా వివరించక్కర్లేదు.

ఒక సందేహం మాత్రం నాకు ఎప్పటికీ తీరదు. అందులో పద్ధతి గొప్పతనం ఎంత, లెని దామ్ అనే మనిషి గొప్పతనం ఎంత?

ఏకలవ్యుడే మొదటి అటానమస్ లెర్నర్ కదా సార్?

సెమినార్లలో ఈ మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు. సగం ఒప్పుకుంటాను. లక్ష్యం తనే పెట్టుకున్నాడు, పద్ధతి తనే కుదుర్చుకున్నాడు, సాధన తనే చేశాడు.

కానీ డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో పనిచేసిన డేవిడ్ లిటిల్ 1991లోనే అటానమీ చుట్టూ అల్లుకున్న అపోహల్ని ఏకరువు పెడుతూ, అటానమీ అంటే గురువు లేకుండా సొంతంగా నేర్చుకోవడమే అనుకోవడం వాటిలో ముఖ్యమైనదన్నారు. బస్టాండు పుస్తకాల షాపులో తీగకు వేలాడే ‘30 రోజుల్లో ఇంగ్లీషు’ తరహా పుస్తకం కొన్నవాడు ఒంటరిగానే చదువుకుంటాడు. అయినా ఒకటో రోజు ఏం చదవాలి, పదో రోజు ఏం చదవాలి అన్నది పుస్తకమే చెబుతుంది. పగ్గాలు పుస్తకం చేతిలోనే ఉన్నాయి.

ఇంకో తేడా ఉంది. విలువిద్య అడవిలో ఒంటరిగా సాధన చేయొచ్చు. భాషకు ఎదుట ఒక మనిషి కావాలి. గత పాతికేళ్ళ పరిశోధన మొగ్గిన పెద్ద మలుపు ఇదే: ఒంటరి అభ్యాసకుడి నుంచి, నలుగురి మధ్య ఉండే అభ్యాసకుడి వైపు.

ఏకలవ్యుడి కథలో పరిశోధకులకు పనికొచ్చే ముక్క నిజానికి బొటనవేలు. 1997లో ఫిల్ బెన్సన్ అనే పరిశోధకుడు అటానమీని మూడు రకాలుగా చూడొచ్చన్నారు. సొంతంగా చదువుకునే మెళకువలు తెలియడం ఒకటి. మనసులో ఆ బాధ్యత, ఆ సత్తా ఉండటం రెండోది. మూడోది రాజకీయం: ఏం నేర్చుకోవాలో, ఎక్కడ నేర్చుకోవాలో తేల్చే హక్కు ఎవరిది? ఏకలవ్యుడికి మొదటి రెండూ దండిగా ఉన్నాయి. మూడోది లేదు. మన సెమినార్లలో కూడా మూడో దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువే.

ఇది అమలు చేస్తే టీచర్ పని తగ్గుతుందా?

పెరుగుతుంది. అరవై లాగ్‌బుక్కులకు జవాబులు రాసి చూడండి.

మరి టీచర్లు ఏమంటున్నారు?

మంచిదే అంటున్నారు, కుదరదంటున్నారు. సైమన్ బోర్గ్, సాద్ అల్ బుసైదీ 2012లో ఒమన్‌లోని సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ భాషా కేంద్రంలో 61 మంది టీచర్లను అడిగి చూశారు. విద్యార్థికి నిర్ణయాల్లో చోటు ఇవ్వడం ఎంత మంచిది, ఎంత సాధ్యం అని విడివిడిగా అడిగారు. ‘మంచిదే’కీ ‘సాధ్యమే’కీ మధ్య గట్టి ఎడం కనిపించింది. ఆ ప్రశ్నావళిని తర్వాత ఎన్నో దేశాల్లో వాడారు.

ఇక్కడ ఇంకో మాట. లిటిల్ 1995లో రాసిన ఒక వ్యాసంలో, టీచర్‌కు అటానమీ లేకుండా విద్యార్థికి రాదన్నారు. ఫలానా తేదీకి ఫలానా యూనిట్ అయిపోవాలి, ఫొటో అప్‌లోడ్ చేయాలి అన్న ఆదేశాల మధ్య పనిచేసే టీచర్‌ను ‘పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వండి’ అనడం, జేబులో రూపాయి లేనివాణ్ణి దానం చేయమనడమే.

ఇది పాశ్చాత్యుల భావన కదా, గురువును గౌరవించే మన పిల్లలకు నప్పుతుందా?

1990ల చివరి నుంచి ఈ చర్చ గట్టిగా జరిగింది. అలిస్టెయిర్ పెన్నీకుక్ 1997లో, బార్బరా ష్మెంక్ 2005లో, ఒక చోట పుట్టిన అటానమీ నమూనాను ప్రపంచమంతా ఒకే కొలతగా వాడటాన్ని ప్రశ్నించారు. ఆ హెచ్చరిక సబబే.

కానీ ‘మావాళ్ళు అలా ఉండరు’ అనే ముందు పిల్లల్ని అడగాలి కదా. హాంకాంగ్‌లో పనిచేసిన విలియం లిటిల్‌వుడ్ అదే పని చేశారు. ఆసియాలోని 8 దేశాల్లో, యూరప్‌లోని 3 దేశాల్లో విద్యార్థుల అభిప్రాయాలు తీసుకుని 2000లో ఫలితాలు ప్రచురించారు. ‘టీచర్ చెప్పింది విని తలూపడమే మాకిష్టం’ అని ఆసియా విద్యార్థులు చెబుతారనుకుంటే, చాలామంది చెప్పలేదు. దేశాల మధ్య తేడా కూడా అనుకున్నంత లేదు. పిల్లలు మాట్లాడకపోవడానికి కారణం వాళ్ళ సంస్కృతి కంటే వాళ్ళు కూర్చున్న క్లాసేమో అన్న అనుమానం అక్కడ మొదలైంది.

అంతకు ఏడాది ముందు ఆయనే ఇంకో ఉపయోగపడే తేడా చూపించారు. దారి తనే వేసుకునే అటానమీ ఒకటి. దారి వేరేవాళ్ళు వేసినా, దాని మీద తన నడక తనే చూసుకునే అటానమీ ఇంకొకటి. లక్ష్యం బోర్డుదే, సిలబస్ బోర్డుదే. అయినా నలుగురు అమ్మాయిలు కూర్చుని పాఠాలు పంచుకుని, ఒకరికొకరు ప్రశ్నలు తయారుచేసుకుని చదువుతారు. ఇది రెండో రకం. మన హాస్టళ్ళలో పుష్కలంగా ఉంది, ఎవరూ దానికి పేరు పెట్టలేదంతే.

యూరప్ క్లాసులో ఇరవై మంది. మా దగ్గర డెబ్భై మంది. ఏం చేయమంటారు?

కామెరూన్‌కు చెందిన హ్యారీ కూచా కూచా గురించి చదవమంటాను. ఆయన ఉత్తర కామెరూన్‌లో ఇంగ్లీషు చెప్పిన క్లాసులో 200 మందికి పైగా ఉండేవారు. మండే ఎండలు. పుస్తకాలున్న పిల్లలు కొద్దిమంది. ఒక్కడే అందర్నీ లాక్కురావడం అయ్యే పని కాదని తేలిపోయి, పిల్లలతో బేరానికి కూర్చున్నారు. క్లాసు నియమాలు కలిసి రాసుకున్నారు. గుంపులుగా విడిపోయారు. చదువుకోవడానికి కావలసినవి పిల్లలే బయట్నుంచి సేకరించి తెచ్చారు. వార్విక్ యూనివర్సిటీ రిచర్డ్ స్మిత్‌తో కలిసి ఆయన దీన్ని 2011లో వ్యాసంగా రాశారు.

నాకు ఇందులో నచ్చింది కారణం. సిద్ధాంతం చదివి చేసింది కాదు, వేరే గతి లేక చేసింది. అటానమీ సౌకర్యాలున్న బడులకు మాత్రమే అందే విలాసం అన్న వాదనను ఇది తలకిందులు చేసింది. వనరులు లేనిచోటే దాని అవసరం ఎక్కువ. స్మిత్, కూచా, మార్టిన్ లాంబ్ 2018లో అభివృద్ధి చెందుతున్న దేశాల్లో అటానమీ మీద రాశాక ఈ దారిలో పని పెరిగింది. మన ఊళ్ళోనే చూసుకుంటే, హైదరాబాద్ సీఫెల్‌లో, అంటే ఇప్పటి ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఆర్. అమృతవల్లి వెనకబడిన పరిస్థితుల్లో ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ అటానమీ మీద 2007లోనే పుస్తకం వేశారు. మనవాళ్ళు దాన్ని చదవాల్సినంత చదవలేదని నా ఫిర్యాదు.

మన పాఠ్యపుస్తకాల్లో దీని జాడ ఉందా?

ఉంది. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో వచ్చిన ఇంగ్లీషు వాచకాలు తిరగేయండి. పాఠం మధ్యలో ‘హౌ వెల్ డిడ్ ఐ రీడ్?’ అని ఒక చిన్న పట్టిక ఉంటుంది. పాఠం నాకు నచ్చింది, సొంతంగా అర్థమైంది, గుంపులో స్నేహితుల సాయంతో అర్థమైంది, టీచర్ చెబితే అర్థమైంది, వెనకున్న పదాల అర్థాలు చూసుకున్నాను అని వాక్యాలు. ఎదురుగా అవును, కొంతవరకు, కాదు అని నింపాలి. హోలెక్ చెప్పిన నాలుగో పగ్గం, ఐదో పగ్గం అచ్చంగా పిల్లాడి చేతికిచ్చిన పట్టిక అది. రాసినవాళ్ళకు విషయం బాగా తెలుసు.

ఇప్పుడు ఏం జరిగిందో చెబుతాను. ఒక బడిలో ఎనిమిదో తరగతి పుస్తకాలు వరసగా ఓ పదిహేను తెరిచి చూశాను. అన్నిటిలోనూ అన్ని గడుల్లోనూ ‘ఎస్’. సొంతంగా అర్థమైందా? ఎస్. టీచర్ చెబితేనే అర్థమైందా? ఎస్. ఒక పిల్లవాణ్ణి అడిగితే, ‘నో రాస్తే మళ్ళీ చదవమంటారు సార్’ అన్నాడు. తప్పు వాడిది కాదు. తన గురించి తను నిజం చెప్పుకోమన్న పట్టికను మనం కాపీ దిద్దినట్టు దిద్దుతున్నాం.

మైకేల్ బ్రీన్, సారా మాన్ 1997లోనే దీనికి ఒక పేరు పెట్టారు: అటానమీ ముసుగు. టీచర్‌కు అటానమీ ఇష్టమని తెలియగానే విద్యార్థి అది ఉన్నట్టు నటిస్తాడని వాళ్ళ హెచ్చరిక. చెప్పినట్టు వినడానికి అదో కొత్త రూపం.

అటానమీని కొలవొచ్చా?

కొలుస్తున్నారు. నమ్మొచ్చా అన్నది వేరే సంగతి.

ఎక్కువగా జరిగేది ప్రశ్నావళి. ‘నేను నా లక్ష్యాలను స్వయంగా నిర్ణయించుకుంటాను’ అన్న వాక్యానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటారు. పైన చెప్పిన ‘ఎస్’ కథే ఇక్కడా. బెన్సన్ 2010లో ఈ కొలతల ఇబ్బందులన్నీ ఒక్కొక్కటిగా చర్చించారు. బయటికి కనిపించే పనిని కొలవగలం, దాని వెనకున్న సామర్థ్యాన్ని అంత తేలిగ్గా కొలవలేం. బెర్లిన్‌లో మరియా జొవన్నా తస్సినారి వేరే దారి పట్టారు. మార్కులు వేసి వదిలేయకుండా, విద్యార్థి తన అంచనా తను వేసుకుని, దాన్ని పట్టుకుని సలహాదారుతో కూర్చుని మాట్లాడేలా ఒక నమూనా తయారుచేశారు. కొలత కంటే ఆ మాటలే ముఖ్యం అందులో. యూరప్ మండలి 2001లో తెచ్చిన, విద్యార్థి తన ప్రగతి తనే రాసుకునే భాషా పోర్ట్‌ఫోలియోలోని ‘నేను ఫలానాది చేయగలను’ అన్న వాక్యాల జాబితాలు కూడా ఈ కోవలోవే.

నన్నడిగితే, ఒక విద్యార్థి ఆర్నెల్ల నోట్‌బుక్ వంద ప్రశ్నావళుల పెట్టు.

సెల్ఫ్ యాక్సెస్ సెంటర్లు ఏమయ్యాయి? మా కాలేజీలో లాంగ్వేజ్ ల్యాబ్‌కు తాళం ఉంది.

సెల్ఫ్ యాక్సెస్ సెంటర్ అంటే విద్యార్థి తనంతట తను వచ్చి టేపులు, పుస్తకాలు వాడుకుని చదువుకునే గది. చాలాచోట్ల తాళమే ఉంది. అల్మరాల నిండా సామాను పెట్టినంత మాత్రాన అటానమీ రాదని 1990ల్లోనే తెలిసిపోయింది. అక్కడి నుంచి రెండు దారులు చీలాయి. ఒకటి సలహాదారులు: జపాన్‌లోని కాండా యూనివర్సిటీ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌లో పాఠం చెప్పకుండా, విద్యార్థితో కూర్చుని అతని చదువు గురించి మాట్లాడటమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళున్నారు. జో మైనార్డ్ సంపాదకత్వంలో 2010లో మొదలైన సెల్ఫ్ యాక్సెస్ పత్రిక ఈ పరిశోధనకు కేంద్రం. రెండోది కలిసే చోట్లు: ఒకాయామా యూనివర్సిటీలోని ఎల్ కెఫేను గారోల్డ్ మర్రీ బృందం ఏళ్ళ తరబడి గమనించింది. విద్యార్థులు అక్కడికి సామాను కోసం కాదు, మనుషుల కోసం వచ్చారు. మన భాషలో చెప్పాలంటే క్యాంటీన్.

క్లాసు బయట నేర్చుకునేదాని మీద పరిశోధన ఉందా?

ఇప్పుడు జోరంతా అక్కడే. స్వీడన్‌లో పియా సుండ్‌క్విస్ట్ 2009లో తన సిద్ధాంత వ్యాసంలో బడి బయటి ఇంగ్లీషుకూ, పిల్లల పదసంపదకూ, మాట్లాడే సత్తాకూ సంబంధం చూపించారు. ఊరికే విని వదిలేసే పాటల కంటే, తలదూర్చక తప్పని వీడియో గేముల లాంటివి ఎక్కువ పనిచేశాయి. ఫ్రాన్స్‌లో జెఫ్రీ సాకెట్ సీరియళ్ళు చూస్తూ ఇంగ్లీషు పట్టేసే విద్యార్థుల మీద పనిచేశారు. కొరియాకు చెందిన జూ సియోంగ్ లీ డిజిటల్ దారుల్లో నేర్చుకోవడం మీద వరసగా రాస్తున్నారు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. కుప్పంలో కూరగాయలమ్మే ఆవిడ తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడుతుంది. ఏ భాష ఎంతవరకు కావాలో, ఎంత వస్తే బేరం నడుస్తుందో తనే తేల్చుకుంది. ఐదు పగ్గాలూ ఆమె చేతిలోనే. ఆమె మీద ఎవరూ థీసిస్ రాయలేదు.

ఫోన్లు, కంప్యూటర్లు ఇచ్చేస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారంటారు కదా?

సుగతా మిత్రా 1999లో ఢిల్లీ కాల్కాజీలో గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ అమర్చిన కథ అందరికీ తెలుసు. హైదరాబాద్ కథ తక్కువమందికి తెలుసు. 2003లో ప్రచురించిన ఆ అధ్యయనంలో ఇక్కడి 16 మంది పిల్లలకు ఇంగ్లీషు నేర్పే సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లీషు సినిమాలు, మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. మనం చదివింది దానికి అర్థమైతే సరిగ్గా టైపు చేస్తుంది, లేకపోతే ఏదో పిచ్చి మాట పడుతుంది. టీచర్ల జోక్యం అంతంత మాత్రం. ఐదు నెలల్లో పిల్లల ఉచ్చారణ మెరుగైంది.

ముచ్చటైన ప్రయోగం. అయితే పగ్గాల లెక్క వేసి చూడండి. పద్ధతి పిల్లలదే, నలుగురూ కలిసి తంటాలు పడ్డారు. సరిగ్గా వచ్చిందో లేదో మాత్రం యంత్రం చెప్పింది. ఎలాంటి ఉచ్చారణ మంచిదన్న లక్ష్యం పరిశోధకులు పెట్టారు. ఐదింటిలో రెండు మూడు దక్కితే తక్కువేమీ కాదు, కానీ ‘పిల్లలు వాళ్ళంతట వాళ్ళే’ అన్న మాట వాడేటప్పుడు కొంచెం ఆగాలి.

ఫోన్లో భాష నేర్పే యాప్‌లకూ ఇదే లెక్క. ఇవాళ ఏ పాఠం, ఎన్ని పదాలు, తప్పా ఒప్పా, అన్నీ అదే చెబుతుంది. మనకు వదిలిపెట్టింది రోజూ తప్పకుండా తెరవడం. అది క్రమశిక్షణ. మంచిదే గానీ అటానమీ వేరు.

చాట్‌జీపీటీ వచ్చాక ఈ పరిశోధన అంతా పాతబడిపోయిందా?

2022 నవంబరు తర్వాత ఈ విషయం మీద వ్యాసాలు వరదలా వస్తున్నాయి. చాలావరకు విద్యార్థుల అభిప్రాయ సేకరణలే. ‘మీకు ఉపయోగంగా ఉందా?’ అంటే ఉందనే అంటారు మరి.

అసలు ప్రశ్న పాతదే. ఒకమ్మాయి తను రాసిన లెటర్ చాట్‌బాట్‌కు ఇచ్చి, ‘దిద్దకు, తప్పు ఏ లైనులో ఉందో మాత్రం చెప్పు, నేనే పట్టుకుంటాను’ అని అడిగింది. పక్కనున్న అబ్బాయి ‘సెలవు చీటీ రాసిపెట్టు’ అన్నాడు. యంత్రం ఒకటే. మొదటి అమ్మాయికి అంత ఓపిగ్గా సాయపడే మనిషి ఊళ్ళో దొరకడు. రెండోవాడికి వచ్చిన నష్టం వాడికి ఇప్పట్లో తెలియదు, ఎందుకంటే చీటీ బ్రహ్మాండంగా ఉంది. ఆ అమ్మాయికి అలా అడగాలని ఎలా తోచింది, రెండోవాడికి అది నేర్పగలమా అన్నది వచ్చే పదేళ్ళ పరిశోధన అని నా అంచనా.

ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు తెలుగును బయట పెట్టేయాలా?

అక్కర్లేదు. డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో స్కైల్ బ్రీజ అనే ఆడపిల్లల ప్రాథమిక పాఠశాల ఉంది. పిల్లల్లో ఎక్కువమంది వలస కుటుంబాలవాళ్ళు, ఇళ్ళల్లో 50కి పైగా భాషలు. ప్రధానోపాధ్యాయురాలు డీర్‌డ్రె కిర్వన్ హయాంలో ఇంటి భాషను గేటు దగ్గర వదిలి రమ్మనలేదు. మీ భాషలో దీన్ని ఏమంటారు అని క్లాసులోనే అడిగేవాళ్ళు. కొన్నాళ్ళకు పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఇంట్లో కూర్చుని రెండు మూడు భాషల్లో రాసి తేవడం మొదలుపెట్టారు. కిర్వన్, లిటిల్ 2019లో దీన్ని వివరంగా ప్రచురించారు. అమెరికాలో వారాంతపు తెలుగు బడులు నడిపేవాళ్ళకు ఇది పనికొచ్చే చదువు.

పీహెచ్‌డీకి ఈ విషయంలో ఏ టాపిక్ తీసుకోమంటారు?

‘ఫలానా జిల్లాలో టీచర్ల అభిప్రాయాలు’ మాత్రం వద్దు. ఆ బావిలో నీళ్ళు అయిపోయాయి.

గురుకులాల్లో, జూనియర్ కాలేజీ హాస్టళ్ళలో స్టడీ అవర్ ఉంటుంది కదా. పేరుకు సొంత చదువు, చుట్టూ పహారా. ఆ రెండు గంటల్లో పిల్లలు గుట్టుగా ఏం నిర్ణయించుకుంటున్నారు, ఎవరు ఎవరికి చెబుతున్నారు? ఏడాది కూర్చుని చూసినవాళ్ళకు కావలసినంత సరుకు దొరుకుతుంది. హైదరాబాద్‌కు వలస వచ్చి తెలుగు నేర్చుకుంటున్న ఒడిశా కూలీలు, బిహార్ కూలీలు ఇంకో విషయం. పరిశోధన దాదాపు అంతా ఇంగ్లీషు చుట్టూనే తిరుగుతోంది, తెలుగును రెండో భాషగా సొంతంగా నేర్చుకునేవాళ్ళ గురించి వెతకండి. గైడు గారు ‘శాంపిల్ ఎంత?’ అని అడుగుతారు. ఆ టెన్షన్‌కు నా దగ్గర మందు లేదు.

సరే, రేపు క్లాసులో ఒక్క పని చేయాలంటే ఏం చేయాలి?

ఐదు పగ్గాల్లో ఒకటి ఎంచుకోండి. ఇంటిపని తేలిక. మూడు రకాలు బోర్డు మీద రాసి, ఏది చేస్తారో, ఎందుకో ఒక లైను రాయమనండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. దానికి మార్కులు వద్దు, రిజిస్టరులో ఎక్కించొద్దు. వారానికి పదిమంది నోట్‌బుక్కులు చాలు, కానీ చదివినదానికి తప్పకుండా జవాబు రాయండి.

నేను మొదలుపెట్టినప్పుడు రెండు వారాల దాకా అందరూ ‘పాఠం బాగుంది సార్’ అనే రాశారు. మూడో వారం చివరి బెంచీ అబ్బాయి ఒకడు, ‘ఇవాళ చెప్పింది నాకు ముందే వచ్చు. వేరేది ఇవ్వండి’ అని రాశాడు. కొంచెం చురుక్కుమంది. ఏం కావాలో నువ్వే రాయి అని కింద రాసిచ్చాను. రెండు రోజులు ఆ పేజీ ఖాళీగా వచ్చింది. మూడో రోజు పెన్సిల్‌తో, చెరిపేయడానికి వీలుగా కాబోలు, రెండే మాటలు: క్రికెట్ కామెంటరీ.